తాచో కొడుకు

అమెరికా సరిహద్దు దగ్గర ఒంటరి పిల్లల్ని ఉంచే వసతిగృహం నుంచి ఫోను వచ్చినప్పుడు పెత్రోనా ఎదురు ప్రశ్న ఒక్కటీ వెయ్యలేదు.

"సిప్రియానో అని పదిహేడేళ్ళ కుర్రాడు. గ్వాటెమాలా నుంచి ఒక్కడే వచ్చాడు. మీ తమ్ముడు అనస్తాసియో కొడుకునంటున్నాడు. మీరు తీసుకుంటారా?" అని అడిగింది అవతలి మనిషి.

"మా తాచో కొడుకా? అడుగుతావేంటమ్మా, పంపించు!" అంది పెత్రోనా.

అనస్తాసియోని ఇంట్లో అందరూ తాచో అనేవారు. పేరుకు తమ్ముడే గాని, వాణ్ణి పెంచింది పెత్రోనాయే. తల్లి మొక్కజొన్న చేలో ఉంటే, ఇంకా పాలపళ్ళూడే వయసులోనే ఆమె వాణ్ణి శాలువతో వీపుకి కట్టుకుని కొండ మీది ఊటకి నీళ్ళకెళ్ళేది. పెళ్ళయ్యాక మొగుడితో కలిసి ఉత్తరాన అమెరికాకి బయలుదేరేనాటికి తాచోకి కొడుకు పుట్టి పాకుతున్నాడు. తొలిచూలు మగపిల్లవాడికి తాత పేరు పెట్టడం వాళ్ళలో ఆచారం. తాత పేరు సిప్రియానో. చర్చిలో నీళ్ళు చల్లించేటప్పుడు ఆ పసివాణ్ణి చేతుల్లో ఎత్తుకున్నది మేనత్తే.

ఆ తర్వాత న్యూ బెడ్‌ఫర్డ్ రేవు, చేపల ఫ్యాక్టరీ, మంచు. పిల్లలు కలగలేదు. మొగుడు ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. ఊళ్ళో తల్లి పోయినప్పుడు పెత్రోనా వెళ్ళలేకపోయింది. కాగితాల్లేని మనిషి వెళ్ళడమంటే మళ్ళీ రాకపోవడమే. "అమ్మ శవపెట్టె వెనకాల నడవడానికి కూడా రాని అక్క నాకెందుకు?" అని తాచో ఆ రోజు ఫోను పెట్టేశాడు. సిగ్గుతో ఆమె మళ్ళీ చెయ్యలేదు, వాడూ చెయ్యలేదు. అలా ఏళ్ళు గడిచిపోయాయి. ఇప్పుడు వాడి కొడుకు తనను వెతుక్కుంటూ వస్తున్నాడంటే, తమ్ముడు తనను క్షమించినట్టే అనుకుందామె.

వచ్చినవాడు పొడుగ్గా, తాటిమట్టలా ఉన్నాడు. తాచోది గుండ్రటి ముఖం. వీడిది కోల ముఖం. గుమ్మం దగ్గర నిలబడి, "నమస్కారం అత్తా, మీకు శ్రమ ఇస్తున్నాను" అన్నాడు స్పానిష్‌లో, పరాయి మనిషితో మాట్లాడినట్టు.

పెత్రోనా వాణ్ణి దగ్గరకు తీసుకుని తమ కొండవాళ్ళ కిచే భాషలో గలగలా అడిగేసింది. ఎలా వచ్చావు, నాన్నెలా ఉన్నాడు, దార్లో తిండి దొరికిందా అని. వాడు తెల్లముఖం వేశాడు. కాసేపటికి నాలుగు ముక్కలు కూడబలుక్కుని జవాబిచ్చాడు. ఆ యాస ఆమె ఊరిది కాదు. ఏ కొండ ఊరిదీ కాదు.

"మన మాట రాదేంటిరా నీకు?"

"మర్చిపోయానండి. కోస్తాలో తోట పనికెళ్ళాం. అక్కడంతా స్పానిషే."

"నాన్న?"

"బానే ఉన్నాడు." వాడు కళ్ళు దించుకున్నాడు. "అమ్మ లేదు. నా చిన్నప్పుడే పోయింది."

తల్లి లేని పిల్లాడు కదా అని పెత్రోనా ఇంకేమీ తవ్వలేదు. నల్ల చిక్కుళ్ళ పులుసు వడ్డించింది, వేడివేడి రొట్టెలు వేసింది. పక్కింటి వాళ్ళకి చూపించి మురిసిపోయింది. కుర్రాడు మంచివాడే. బడికెళ్ళాడు, సాయంత్రాలు ఒక రెస్టారెంటులో గిన్నెలు కడిగాడు, ఇంటి ముందు మంచు ఎత్తిపోశాడు. అయినా ఏదో ఒకటి గొంతుకడ్డం పడ్డ ముల్లులా గుచ్చుకుంటూనే ఉండేది. నానమ్మ పేరడిగితే తడుముకున్నాడు. ఊట ఊరికి ఏ వైపుందో తెలియదన్నాడు. ఇంటి వెనక పీచ్ పండ్ల చెట్టు ఇంకా కాస్తోందా అంటే "కాస్తోంది" అన్నాడు. అక్కడ పీచ్ చెట్టు ఎప్పుడూ లేదు. ఆ ప్రశ్న ఎందుకు వేసిందో పెత్రోనాకే తెలియదు. వేశాక మాత్రం ఆ జవాబు ఆమెను వదల్లేదు.

మరో రెండు చలికాలాలు అలా గడిచాక, ఉచితంగా కేసులు చూసే లాయరమ్మ లీదియా మెదైరోస్ ఇద్దర్నీ ఆఫీసుకి పిలిచింది. పోర్చుగీసు పిల్ల, తన భాష కలిపేసి స్పానిష్ మాట్లాడేది.

"వీడిలాంటి పిల్లలకి ఒక దారుంది. తల్లో తండ్రో వదిలేసిన పిల్లాడని, వెనక్కి పంపడం వీడికి మేలు కాదని ఇక్కడి కుటుంబ కోర్టు జడ్జి తేల్చాలి. దాన్ని పట్టుకుని శాశ్వత నివాసానికి అర్జీ పెడతాం. ఇరవై ఒకటి నిండేలోపు జరగాలి. నిండితే తలుపు మూసుకున్నట్టే. మీరు వచ్చి సాక్ష్యం చెప్పాలి."

పెత్రోనా చెవికి ఒక్క మాటే తగిలింది. "వదిలేసిన పిల్లాడా? ఎవరొదిలేశారు?"

లాయరమ్మ కుర్రాడి వైపు చూసింది. కుర్రాడు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నాన్న" అన్నాడు.

"తాచోనా? మా తాచో వదిలేశాడా?" పెత్రోనా లేచి నిలబడింది. "వాడు చచ్చిన కోడిపిల్లని కూడా పాతిపెట్టి ఏడ్చే రకం!"

బస్సులో ఇంటికొస్తూ ఆమె ఊరుకోలేదు. "ఏరా, ఒక గ్రీన్ కార్డు ముక్క కోసం కన్నతండ్రి మీద నింద వేస్తావా?"

"నింద కాదు."

"కాకపోతే ఏంటో చెప్పు."

వాడు కిటికీ వైపు తిరిగాడు.

ఫ్యాక్టరీలో పెత్రోనా పక్కన నిలబడి చేపల ముళ్ళు తీసేది రుఫీనా. నోట్లో నువ్వుగింజ నానదు, కానీ మనసులో చెడ్డది కాదు. ముఖం చూసి విషయమంతా రాబట్టేసింది. విన్నాక కత్తి ఆపి చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఒసేయ్ పిచ్చిదానా, నీకు లోకం తెలీదు. మా మరిదింట్లో ఇలాగే ఒకడు దిగాడు. చెల్లెలి కొడుకునన్నాడు, పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. చివరికి చూస్తే ఆ పేరుగల పిల్లాడు ఎప్పుడో జ్వరమొచ్చి పోయాడు. వీడెవడో ఆ పిల్లాడి పుట్టిన కాగితం సంపాదించి దాంతో నడిచొచ్చేశాడు!"

"తాచో కొడుకు అలాంటివాడు కాదే."

"తాచో కొడుకే అయితే అలాంటివాడు కాదు. అవునో కాదో తెలియందే జడ్జి ముందు ప్రమాణం చేస్తావా? అబద్ధమని తేలితే వాణ్ణి పంపేస్తారు సరే. నిన్ను ఉంచుతారా? నీ దగ్గరేముంది చూపించడానికి, ఈ చేపల వాసన తప్ప?"

ఆ మాట పెత్రోనా వెంట ఇంటికొచ్చింది. కుర్రాడు స్నానాల గదిలో ఉంటే వాడి చొక్కా జేబు తడిమింది. ఏమీ లేదు. లేనందుకు కూడా అనుమానమే వచ్చింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వాడెక్కడికో వెళుతున్నాడు. "ఎక్కడికి?" అంటే "ఊరికే" అంటాడు. ఊరికే వెళ్ళేవాడు బట్టల సంచీ ఎందుకు మోసుకెళ్ళడం? ఇంట్లోనే వాషింగ్ మెషిన్ ఉందిగా. ఫోను మోగితే వరండాలోకి వెళ్ళి మాట్లాడతాడు. ఒకప్పుడు పట్టించుకోని సంగతులన్నీ ఇప్పుడు వరసగా వచ్చి కళ్ళ ముందు కూర్చున్నాయి.

ఆఖరికి రుఫీనా తన చుట్టాల ద్వారా తాచో కొత్త నెంబరు సంపాదించింది. శనివారం పొద్దున, కుర్రాడు పనికెళ్ళాక, పెత్రోనా ఫోను చేసింది.

ఎవరో ఆడమనిషి ఎత్తింది. తాచో రెండో భార్యనని, పేరు ఇసాబెలని చెప్పింది. తమ్ముడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడని పెత్రోనాకి అప్పుడే తెలిసింది.

"వదినా! మీ గురించి ఎన్నిసార్లు చెప్పారో! ఉండండి, ఆయన్ని పిలుస్తా. ఒరేయ్ సిప్రియానో, నాన్నని పిలువు, మీ అత్త ఫోను చేసిందని చెప్పు!"

పెత్రోనా ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. "ఎవర్ని పిలిచావు?"

"మా పిల్లాణ్ణి వదినా. సిప్రియానో. ఇదిగో, మాట్లాడరా."

"అత్తా, బాగున్నావా?" అంది ఒక సన్నటి గొంతు, ఇంకా మీసం రాని గొంతు, చక్కటి కిచే మాటలో, అచ్చం వాళ్ళ ఊరి యాసలో.

ఆమె ఏం జవాబు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. తాచో వచ్చాడు. "అక్కా" అన్నాడు. అన్నేళ్ళ కోపం ఆ ఒక్క మాటతో కరిగిపోయి ఇద్దరూ ఏడ్చారు. ఏడుపయ్యాక పెత్రోనా అడిగింది.

"తాచో, నేను చర్చిలో ఎత్తుకున్నానే, ఆ పిల్లాడు ఏడి?"

తాచో గొంతు తగ్గించాడు. "వాడు పోయాడక్కా. కోస్తాలో, కాఫీ తోటల్లో. వాళ్ళమ్మకొచ్చిన జ్వరమే వాడికీ వచ్చింది. నాన్న పేరు నేల మీద లేకుండా పోకూడదని వీడికి మళ్ళీ పెట్టుకున్నాను."

పెత్రోనా ఫోను పెట్టేసి వంటింట్లో నిలబడిపోయింది. పొయ్యి మీద చిక్కుళ్ళు మాడి కమురు వాసన వచ్చేదాకా కదల్లేదు. చచ్చిపోయిన పిల్లాడి పేరు పెట్టుకున్న మనిషికి ఇన్నాళ్ళూ అన్నం పెట్టింది. వాడి జ్వరానికి రాత్రిళ్ళు తడిగుడ్డ వేసింది. ఎవడు వాడు?

సాయంత్రం వాడొచ్చి "అత్తా, ఆకలేస్తోంది" అంటే, వడ్డించింది. వాడు తింటుంటే ముఖంలోకి చూసింది. వాడు తలెత్తితే చూపు తిప్పుకుంది. ఆ రాత్రి తన గది గడియ పెట్టుకుని పడుకుంది. అంతకు ముందెప్పుడూ పెట్టలేదు.

పోలీసుల దగ్గరికి వెళ్ళే ధైర్యం లేదు. సోమవారం లాయరమ్మ దగ్గరికి వెళ్ళి, "నేను సాక్ష్యం చెప్పలేను" అంది.

"ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. ఫ్యాక్టరీలో సెలవివ్వరు."

లాయరమ్మ నమ్మలేదని తెలుస్తూనే ఉంది. "వాడి పుట్టినరోజు ఎంతో దూరం లేదు. మీరు రాకపోతే వాడి తరఫున చెప్పడానికి ఇంకో మనిషి లేడు. ఏదైనా ఉంటే వాణ్ణే అడగండి" అంది. ఈ పిల్లకి అంతా తెలుసు, ఇద్దరూ కలిసి నన్ను గోతిలోకి దింపుతున్నారు అనుకుంది పెత్రోనా.

ఆ వారం చివర ఆదివారం వచ్చింది. సిప్రియానో బట్టల సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. రుఫీనా తన కారులో పెత్రోనాని ఎక్కించుకుని వెనకాలే పోనిచ్చింది. వాడు పెద్ద వీధిలో లాండ్రీ షాపులోకి వెళ్ళాడు, డబ్బులేస్తే మిషన్లు తిరిగే చోటు. అద్దంలోంచి లోపల కనిపిస్తూనే ఉంది. వాడు బట్టలు మిషన్‌లో పడేసి, బెంచీ మీద ఒక ముసలాయన పక్కన కూర్చున్నాడు. ఆయన దొమింగో తాత, ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాడు. పెత్రోనా వాళ్ళ పక్క ఊరాయనే.

ఆడవాళ్ళిద్దరూ వెనక తలుపులోంచి జొరబడి, ఆరబెట్టే మిషన్ల చాటున నిలబడ్డారు.

"మా నానమ్మ పేరు తోమాసా" అంటున్నాడు సిప్రియానో కిచేలో, ఒక్కో అక్షరం కొరికి పలుకుతూ.

"తప్పు. 'మా' అనేప్పుడు గొంతు బిగపట్టు. మళ్ళీ అను."

"మా నానమ్మ పేరు తోమాసా. మా ఊట ఊరికి పైన ఉంది, దేవదారు చెట్ల కింద. మా తాత పేరే నా పేరు."

"ఇప్పుడు బాగుంది. మీ అత్తతో అలా అను, మురిసిపోతుంది."

రుఫీనా పెత్రోనా మోచెయ్యి గట్టిగా గిల్లింది. "చూశావా? పాఠం చెప్పించుకుంటున్నాడు! దొంగ సాక్ష్యానికి తయారవుతున్నాడు!"

పెత్రోనా ఆగలేదు. మిషన్ల మధ్యలోంచి వెళ్ళి వాడి ముందు నిలబడింది. బట్టలు మడత పెట్టుకుంటున్న వాళ్ళందరూ తిరిగి చూశారు.

"ఎవడివిరా నువ్వు?"

వాడు లేచాడు. "అత్తా..."

"అత్త అనకు! తాచోతో మాట్లాడాను. వాడి కొడుకు ఊళ్ళోనే ఉన్నాడు, ఆ పిల్లాడి గొంతు నా చెవులారా విన్నాను. మొదటివాడు కాఫీ తోటల్లో చచ్చిపోయాడు. ఆ పసివాడి పేరు నీకెవరిచ్చారు? కొన్నావా, దొంగిలించావా?"

"చచ్చిపోయాడా?" అన్నాడు వాడు. "నాన్న అలా అన్నాడా? నేను చచ్చిపోయానని?"

దొమింగో తాత గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్ పెత్రోనా, కూర్చో. ఈ పిల్లాడు నీతో మన మాటలో మాట్లాడాలని వచ్చి నేర్పమన్నాడు. ఊట సంగతి, మీ అమ్మ పేరూ నేనే చెప్పాను. వాడేదీ దాచలేదు నా దగ్గర."

"నీకేం తెలుసు తాతా? నీకూ కథ చెప్పుంటాడు."

"అయితే ఆ కథేదో నువ్వూ విను. విన్నాక తిట్టు."

వాడు నిలబడే చెప్పాడు, స్పానిష్‌లో, ఎవరి ముఖమూ చూడకుండా. అయిదేళ్ళప్పుడు అమ్మా నాన్నా వాణ్ణి తీసుకుని కోస్తాకి కాఫీ కోతకెళ్ళారు. అమ్మ జ్వరంతో పోయింది. కోత అయిపోయాక ఒకరోజు నాన్న వాణ్ణి గోదాము ముందు బస్తాల మీద కూర్చోబెట్టి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. తోటలో వంట చేసే దోన్యా చెంతా అనే ఆమె వాణ్ణి తన గుడిసెకి తీసుకెళ్ళింది. ఆమెకి కిచే రాదు. వాడు కాఫీ గింజలు ఏరుతూ, గాడిదలు తోలుతూ పెరిగాడు. చెంతా పోయాక, అమ్మ చెప్పిన ఊరి పేరు ఒక్కటే పట్టుకుని తండ్రిని వెతుక్కుంటూ కొండలెక్కాడు.

"ఇల్లు దొరికింది. దారి పక్కన నిలబడ్డాను. లోపల్నుంచి ఎవరో 'సిప్రియానో' అని పిలిచారు. నన్నే అనుకుని తిరిగాను. నా పక్కనుంచి ఒక చిన్నపిల్లాడు పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. నాన్న కప్పు మీద రేకులు బిగిస్తున్నాడు. నన్ను చూసి, 'ఎవరు కావాలి బాబూ?' అన్నాడు."

"నువ్వేమన్నావు?" అని అడిగింది రుఫీనా. అక్కడికి తాను అనుమానిస్తూ వచ్చిందన్న సంగతే మర్చిపోయింది.

"దారి తప్పానన్నాను."

కొండ కింద దుకాణం ఆమెకి తాచో అక్క అమెరికాలో ఉందని తెలుసట. నెంబరు ఇచ్చిందట. వాడు మున్సిపాలిటీలో తన పుట్టిన కాగితం తీయించుకుని ఉత్తరానికి నడిచాడు.

పెత్రోనా బెంచీ మీద కూర్చుంది. కానీ మనసు ఇంకా దిగిరాలేదు. కథ ఎవరైనా చెప్పగలరు. తాచో అబద్ధమాడాడనడం కన్నా ఈ పొడుగు కుర్రాడు ఆడాడనడం ఆమెకి తేలిక.

"ఇవన్నీ నాకెందుకు చెప్పలేదు మూడేళ్ళూ?"

"చెబితే మీరు తమ్ముడి పక్షం వహిస్తారని. కన్నవాడికే అక్కర్లేనివాణ్ణి మీరెందుకు ఉంచుకుంటారని." వాడు కొంచెం ఆగాడు. "పీచ్ చెట్టు ఉందనే అనుకున్నాను. లేదంటే పంపేస్తారేమోనని."

"ఇంటికి నడు. నా ముందు వాడితో మాట్లాడు. అప్పుడు చూస్తాను."

వంటింట్లో ఫోను టేబుల్ మీద పెట్టి, అందరికీ వినపడేట్టు చేసి, పెత్రోనా తమ్ముడికి చేసింది. "తాచో, నీతో ఒకరు మాట్లాడతారట" అంది. సిప్రియానో ముందుకు వంగాడు. అతికష్టం మీద, నేర్చుకున్న కిచేలో, మొదలుపెట్టాడు.

"నాన్నా. 'ఈ బస్తాలకి కాపలా ఉండు, పొద్దు వాలేలోపు వస్తా' అన్నావు. నేను దిగలేదు. ఉచ్చ వచ్చినా దిగలేదు. చీకటి పడ్డాక వాచ్‌మన్ వచ్చి కొట్టాడు, అయినా దిగలేదు."

అవతల ఎవరో కోళ్ళని అదిలిస్తున్న చప్పుడు. 'ఎవడ్రా నువ్వు, నా కొడుకు చచ్చిపోయాడు' అని తాచో ఒక్క కేక వేస్తే చాలు. ఆ కేక కోసమే పెత్రోనా ఎదురుచూసింది.

"అక్కా" అన్నాడు తాచో, కొడుకుతో కాదు. "అక్కా, ఇసాబెలకి చెప్పకు. వాళ్ళ నాన్నకి చెప్పకు. పిల్లాడితో ఉన్నవాడికి పిల్లనివ్వనన్నాడాయన. మరుసటి కోతకి వెళ్ళి తెచ్చుకుందామనే అనుకున్నాను. ఇంతలో... ఊళ్ళో అందరికీ పోయాడనే చెప్పాను. ఇప్పుడేం చెప్పను?"

పెత్రోనా ఏదో అనబోయింది. సిప్రియానో చెయ్యి చాపి ఫోను కట్ చేశాడు.

రుఫీనా మెల్లగా కోటు తొడుక్కుని జారుకుంది. ఎప్పుడూ లేనిది ఆ సంగతి ఎవరితోనూ అనలేదు. పెత్రోనా సింకు దగ్గరికెళ్ళి కుళాయి తిప్పి ముఖం కడుక్కుంది. మళ్ళీ మళ్ళీ కడుక్కుంది. వీపు మీద ఎక్కించుకుని కొండెక్కిన పిల్లాడు, ఆ వీపు మీదే నిద్రపోయేవాడు, పెద్దయ్యాక ఇంత పని చెయ్యగలడా? చేశాడు.

వెనక్కి తిరిగేసరికి కుర్రాడు తన బట్టలు సంచీలో సర్దుతున్నాడు.

"ఎక్కడికి?"

"రెస్టారెంటులో పనిచేసే వాళ్ళతో ఉంటాను. మీరు నన్ను ఉంచుకున్నది ఆయన కోసం. ఇప్పుడెందుకు?"

"అవున్రా, వాడి కోసమే పిలిచాను" అంది పెత్రోనా. అబద్ధం చెప్పడానికి ఓపిక లేదామెకి. "ఇప్పుడు నాకు తెలీదు. నన్ను కొంచెం ఆలోచించుకోనీ."

వాడు వెళ్ళిపోయాడు. ఆమె ఆపలేదు.

కోర్టు రోజు వచ్చేదాకా వాడు ఆ ఇంటికి రాలేదు. లాయరమ్మ ఫోను చేసి, "వస్తారా?" అంటే, "వస్తా" అని మాత్రం అంది పెత్రోనా. వస్తుందని లాయరమ్మకి నమ్మకం లేదు. వచ్చినా తండ్రికి వ్యతిరేకంగా చెబుతుందని సిప్రియానోకి అసలే లేదు. కోర్టు బయట ఆమెను చూసి వాడు పలకరించలేదు. దొమింగో తాత పక్కన నిలబడి, చొక్కా గుండీలు సరి చూసుకున్నాడు.

తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న ఒక లావుపాటి మనిషి నిలబడున్నాడు. పట్టుకెళ్ళడానికి వచ్చినవాడే అనుకుంది పెత్రోనా. అతను వాళ్ళ సంచులు చూసి, "లోపలికెళ్ళండమ్మా" అన్నాడు, అంతే. జడ్జి నడివయసు ఆడమనిషి. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ ముక్కు తుడుచుకుంటోంది. కిచే నుంచి ఇంగ్లీషుకి మార్చి చెప్పే మనిషి ఎక్కడో దూరాన ఫోనులో ఉన్నాడు. పెత్రోనా చెయ్యెత్తి ప్రమాణం చేసింది.

"ఈ అబ్బాయి తండ్రి మీకేమవుతాడు?" అని అడిగింది లాయరమ్మ.

"తమ్ముడు."

"ఈ అబ్బాయిని ఆయన చూసుకున్నాడా?"

ఫోనులోని మనిషి రెండోసారి అడిగాడు. సిప్రియానో ఆమె వైపు చూడలేదు. చేతులు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. జడ్జి ముక్కు తుడుచుకోవడం ఆపింది.

"నా తమ్ముణ్ణి నేనే పెంచాను" అంది పెత్రోనా. "అందుకే చెప్పడం కష్టంగా ఉంది. కొత్త పెళ్ళాం కోసం వీణ్ణి కాఫీ బస్తాల మీద వదిలేసి వెళ్ళాడు. అయిదేళ్ళవాణ్ణి. చచ్చిపోయాడని ఊరందరికీ చెప్పాడు. వీడి పేరు తీసి ఇంకో పిల్లాడికి పెట్టుకున్నాడు. నేనడిగితే ఒప్పుకున్నాడు, నా చెవులతో విన్నాను. వీణ్ణి అక్కడికి పంపితే ఏ ఇంటికెళతాడమ్మా? వాళ్ళ లెక్కలో వీడు లేడు."

అంతా ఇంగ్లీషులోకి మారేసరికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపూ ఆమె తమ్ముణ్ణి నడివీధిలో నిలబెట్టినట్టు తలవంచుకుంది.

"మీరూ అనుమానించారట ఈ అబ్బాయిని?" అని అడిగింది జడ్జి, కుర్రాడి వాంగ్మూలం తిరగేస్తూ.

లాయరమ్మ కంగారుపడింది. పెత్రోనా పడలేదు. "అవునమ్మా. జేబులు కూడా వెతికాను."

జడ్జి నవ్విందో, తుమ్ము ఆపుకుందో తెలియలేదు. తీర్పు అక్కడికక్కడే చదివి సంతకం చేసింది.

బయట మెట్ల మీద సిప్రియానో నిలబడి ఉన్నాడు. పెత్రోనా వాడి దగ్గరికొచ్చి, "ఆ రెస్టారెంటు వాళ్ళింట్లో ఏం తింటున్నావు?" అంది.

"నూడుల్స్."

"నీ గది ఊడ్చాను."

"జేబులు వెతకనంటే వస్తాను."

"వెతకను అని చెప్పలేను" అంది పెత్రోనా. "అలవాటైపోయింది."

దొమింగో తాత పకపకా నవ్వాడు. వాడూ నవ్వాడు గాని, కొంచెం ఆలస్యంగా.

సంతకమైనంత మాత్రాన కార్డు చేతికి రాలేదు. అర్జీ ఒప్పుకున్నారు, ఆ తర్వాత గ్వాటెమాలా పిల్లల వరస పొడుగ్గా ఉందన్నారు. ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో వాడు కార్ల రిపేరు నేర్చుకున్నాడు, ఒక పిల్లతో తిరిగాడు, మానేశాడు, మీసం పెంచాడు. గుమ్మం దగ్గర ఎవరు తలుపు కొట్టినా ఇద్దరూ ఒకసారి ముఖాలు చూసుకునేవారు. కార్డు వచ్చిన రోజు పెత్రోనా దాన్ని దీపం ముందు పెట్టి అటూ ఇటూ తిప్పి, గోటితో గీకి చూసింది. "అసలుదేనా?" అంది. వాడు రుఫీనాకి కూడా చూపించాల్సి వచ్చింది, ఆమె కూడా గీకింది. పెత్రోనాకి మాత్రం అలాంటి దారి ఏదీ లేదు. అదే ఫ్యాక్టరీ, అదే కత్తి.

వార్త ఊరికి ఎలా చేరిందో ఎవరికీ తెలియదు. కొన్ని వారాలకి భోజనాల వేళ తాచో ఫోను చేశాడు. కోర్టు సంగతి తెలిసిన దగ్గర్నుంచి వాడు మళ్ళీ మాట్లాడలేదు. కుశల ప్రశ్నలు రెండు అడిగి, అసలు మాటకొచ్చాడు.

"అక్కా, వాడికి కాగితాలొచ్చాయట కదా. అక్కడి కాగితాలున్న కొడుకు కన్నవాళ్ళని పిలిపించుకోవచ్చట. నిజమేనా?"

దీనికి జవాబు లాయరమ్మ ఎప్పుడో చెప్పింది. వదిలేసిన తండ్రికి ఆ కొడుకు ద్వారా ఏ దారీ దొరకదు, చట్టమే ఒప్పుకోదు. చచ్చిపోయినవాడు ఎవర్ని పిలిపిస్తాడురా అని నోటి చివరిదాకా వచ్చింది పెత్రోనాకి. అనలేదు. "కుదరదు తాచో. చట్టం లేదు" అంది. వాడు నమ్మలేదు. "నువ్వే అడ్డుపడుతున్నావు" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

"ఎవరత్తా?" అన్నాడు సిప్రియానో రొట్టె తుంచుతూ.

"ఎవరో. రాంగ్ నెంబరు."

వాడు ఆమె వైపు కాసేపు చూశాడు. అలా చూస్తుంటే ఆమె ఉండలేకపోయింది. "మీ నాన్న. పిలిపిస్తావా అని అడిగాడు. కుదరదన్నాను."

వాడు ముద్ద నమిలాడు, మింగాడు, నీళ్ళు తాగాడు.

"నా పేరున్న చిన్నోడు ఎలా ఉన్నాడట?"

"అడగలేదురా."

"మళ్ళీ చేస్తే అడుగు" అన్నాడు వాడు, ఇంకో రొట్టె కోసం చెయ్యి చాపుతూ.